ఆలస్యం సున్నా

హైమకి మంజీర అంటే పడదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఈ కథలో జరిగిన నష్టంలో సగం ఒక యంత్రం వల్ల జరిగితే, మిగతా సగం ఆ పడకపోవడం వల్లే జరిగింది.

అలాగని మంజీర చెడ్డ మనిషేం కాదు. హైమ భర్త సదాశివ డబ్బింగ్ ఆర్టిస్టు. టీవీ సీరియళ్ళలో హీరోలకి గొంతిస్తాడు. హీరోయిన్లకి గొంతిచ్చేది మంజీర. కృష్ణానగర్‌లో కిటికీ లేని ఒక గదిలో, మైకు ముందు నిలబడి, ఆ ఇద్దరూ కలిసి పలకని ప్రేమ లేదు, పడని విరహం లేదు. పెళ్ళైన కొత్తలో హైమ ఆ సీరియళ్ళు పెట్టుకుని, "అది మా ఆయన గొంతేనండీ" అని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకునేది. రాను రాను ఆ గొంతు "నువ్వు లేకపోతే నేను లేను" అన్నప్పుడల్లా, ఆ మాట అంటున్నప్పుడు పక్కన నిలబడ్డది ఎవరో గుర్తొచ్చి, రిమోట్ తీసుకుని టీవీ కట్టేసేది.

ఇంట్లో మాత్రం అదే గొంతు "పాలు విరిగిపోయాయా?", "గ్యాస్ బుక్ చేశావా?" అనేది. మంచి మాటలన్నీ అక్కడ ఖర్చైపోయి ఇంటికి చిల్లర మాత్రమే వస్తోందని హైమ బాధ. ఆ బాధని ఏనాడూ పైకి అనలేదు. అంటే నవ్వుతాడని భయం.

ఆ గొంతు ఒకరోజు పొద్దున్నే, పళ్ళు తోముకుంటూ ఉండగా ఆగిపోయింది. మెదడు మొదట్లో రక్తనాళం పూడుకుపోయిందన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది, తెలివి దక్కింది. అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి. కానీ వేలు కదలదు, నోరు పెగలదు, ఆఖరికి కనురెప్ప కూడా ఆయన చెప్పుచేతల్లో లేదు. ఒళ్ళంతా తలుపులు మూసేసుకుని లోపల మనిషి ఒక్కడే మిగిలాడు.

అలాంటి మనుషుల కోసమే హైమ పనిచేసే పరిశోధనశాలలో ఒక పరికరం తయారవుతోంది. పేరు పలుకుపట్టీ. నుదుటికి కడతారు. మనిషి 'కాదు' అనుకోవడం ఒక్కో మెదడులో ఒక్కోలా ఉంటుందిగానీ, 'అవును' అనుకున్నప్పుడు మాత్రం అందరి మెదడులోనూ ఒకే రకం అల లేస్తుందని కనిపెట్టినావిడ డాక్టర్ రజియా. పట్టీ ఆ ఒక్క అల కోసమే కాచుకుని ఉంటుంది. ప్రశ్న ముగిశాక అల ఎంతసేపటికి లేచిందో, ఆ ఆలస్యాన్ని కొలిచి కంప్యూటర్‌కి అందిస్తుంది. ఆలస్యం అంటూ ఒకటి అందితే పచ్చదీపం, గడువు దాటినా అల లేవకపోతే ఎర్రదీపం. దీపాలు వెలిగించే ఆ ప్రోగ్రాం రాసింది హైమే.

ప్రోగ్రాం విషయంలో ఆవిడని వేలెత్తి చూపగల మొనగాడు ఆ ఆఫీసులో లేడు. కొత్తగా చేరినవాళ్ళకి జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో పాఠాలు చెప్పేది కూడా ఆవిడే. భర్త ఆసుపత్రిలో ఉన్నా, ఆ వారం క్లాసు మానలేదు.

"ఈ భాషకి ఒక పట్టుదల ఉంది," అంది బోర్డు ముందు నిలబడి. "ఇఫ్ అని అడిగి ఏ విలువ చేతికిచ్చినా దాన్ని నిజం అనో అబద్ధం అనో తేల్చేస్తుంది. మధ్యేమార్గం లేదు. సున్నా ఇస్తే అబద్ధం. అక్షరం లేని ఖాళీ మాట ఇస్తే అబద్ధం. అసలు విలువే లేకపోయినా అబద్ధమే. ఇలాంటివి ఇంకో రెండు మూడు ఉన్నాయి, అవి పోగా మిగతావన్నీ నిజమే."

"ఖాళీ డబ్బా ఇస్తే మేడం?" అని అడిగింది ముందు వరసలోని అమ్మాయి. డబ్బా అంటే విలువలు దాచుకునే అరే.

"డబ్బా ఖాళీదైనా డబ్బాయే కదా. నిజం."

"లోపల ఏం లేకపోయినా నిజమా! అన్యాయం మేడం."

"న్యాయం చెయ్యడం దాని పని కాదమ్మా. ఏం అడగాలో మనం సరిగ్గా అడగాలి," అంది హైమ. క్లాసంతా నవ్వింది.

సదాశివకి పట్టీ కట్టిన మొదటి రోజుల్లో ప్రశ్నలన్నీ డాక్టర్ రజియానే అడిగింది. మీ పేరు సదాశివేనా? పచ్చ. ఇది మీ ఇల్లేనా? ఎర్ర. కిటికీ తెరవనా? పచ్చ. ఒక్కటీ తప్పు పోలేదు. మూసిన తలుపు వెనక నుంచి మనిషి తట్టి పలుకుతున్నట్టే ఉందని హైమ ఆనందంతో ఏడ్చింది. ఇక ఇంటివాళ్ళ గొంతుతో అడిగి చూద్దామని రజియా ఒక మధ్యాహ్నం నిర్ణయించింది.

హైమ ఒంగి పట్టీ తీగలు సరిచేస్తుండగా తలుపు దగ్గర అలికిడైంది. చేనేత చీర, జడలో కనకాంబరాలు. మొహం చూడక్కర్లేదు, మంజీరేనని తెలియడానికి గొంతు చాలు.

"నమస్కారం వదినగారూ. ఎలా ఉన్నారండీ ఈ పూట?"

వదినట! ఏ వరసన వదినో! హైమకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా "రండి" అంది, అనక తప్పదు కాబట్టి.

హైమ చేతులు తీగల్లో ఉన్నాయని రజియా మంజీరని ముందు అడగమంది. మంజీర మంచం పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. ఆవిడ గొంతులో ఉన్న మెత్తదనం అంతా ఆ ఒక్క ప్రశ్నలోకి దిగిపోయింది.

"సదాశివగారూ, నేను మంజీరని. నా గొంతు గుర్తుపట్టారా?"

ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు గడిచింది. పచ్చదీపం వెలిగింది.

"అయ్యో, మా తండ్రే!" అని మంజీర కళ్ళు ఒత్తుకుంది. "రేపు కూడా రమ్మంటారా?"

మళ్ళీ కాసేపు ఆగి, పచ్చ.

హైమ తీగలు వదిలేసి మంచానికి ఇటువైపు వచ్చింది. తన పెనిమిటిని పలకరించడానికి వరసలో రెండో స్థానంలో నిలబడాల్సి వచ్చింది. అయినా గొంతు సవరించుకుంది.

"ఏవండీ, నేను మీ పక్కనే ఉంటాను. మీకు ఇష్టమేనా?"

ఎర్రదీపం.

"వినపడలేదేమో. రోజూ వచ్చి మీ దగ్గర కూచోనా?"

ఎర్ర.

"నన్ను గుర్తుపట్టారా అసలు?" ఈసారి ఆయన మొహం మీదికి ఒంగి అడిగింది.

ఎర్ర.

మంజీర తల దించుకుంది. ఆ తల దించుకోవడం హైమకి పుండు మీద కారం చల్లినట్టయింది. జాలిపడుతోంది! ఈవిడ తన మీద జాలిపడుతోంది!

"అలసిపోయి ఉంటారు," అంది రజియా. "లేకపోతే ప్రోగ్రాంలో ఏమైనా..."

"ప్రోగ్రాం బాగానే ఉంది డాక్టర్. రాసింది నేను," అంది హైమ.

సదాశివ కంటి కొసనుంచి నీళ్ళు జారాయి. రెప్పలు సరిగ్గా పడని కళ్ళకి అది మామూలేనని నర్సు దూదితో తుడిచేసింది. హైమ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

ఇక్కడ ఒక్క మాట అనుకోక తప్పదు. ఎవరో రాసిన ప్రోగ్రాంలో వెంట్రుకవాసి తేడా కనిపిస్తే తిండి మానేసి వెతికే మనిషి హైమ. తన కాపురాన్ని కాదన్న మూడు ఎర్రదీపాలని మాత్రం వెతకలేదు. ఎందుకు వెతుకుతుంది? అవి ఆవిడకి కొత్త సంగతేం చెప్పలేదు. ఇన్నేళ్ళుగా లోలోపల అనుమానిస్తున్నదాని మీద ముద్ర గుద్దాయంతే. అసూయ తూకం జావాస్క్రిప్ట్ కంటే సులువు. దాంట్లో ఏం వేసినా నిజమే.

ఇంటికి వెళ్ళి ఆ నిజాలన్నీ ఒక్కొక్కటే తవ్వి తీసింది. మంజీర పుట్టినరోజుకి సదాశివ కొన్న వాచీ. పనిలేని ఆదివారం కూడా స్టూడియోకి వెళ్ళడం. ఫోన్లో "మంజీరా, నువ్వు ముందు చెప్పు, నేను తర్వాత అందుకుంటా" అంటూ నవ్వడం. తనతో ఎప్పుడైనా అలా ఓపిగ్గా మాట్లాడాడా? తను నోరు తెరిస్తే చాలు, అడ్డం పడేవాడు. ఆవిడ ముందు చెప్పాలి, ఆయన తర్వాత అందుకోవాలి! హైమ అద్దంలో తన మొహం చూసుకుని, ఆ మొహం మీదే కోపం తెచ్చుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో చూసుకోవడానికి ఒక ఆయాని మాట్లాడింది. పలుకుపట్టీ పని తోటి ఉద్యోగి నరహరికి అప్పజెప్పి, తను వేరే ప్రాజెక్టుకి మారతానని రజియాకి చెప్పింది.

"నువ్వు రాకపోతే ఎట్లా హైమా? ఆయన నీ మనిషి," అంది రజియా.

"ఎవరి మనిషో మీ దీపమే చెప్పింది కదా డాక్టర్."

వారం తిరక్కుండా మంజీర ఫోన్ చేసింది. "వదినగారూ, ఒక్కసారి వచ్చి వెళ్ళండి. మిమ్మల్ని పిలవనా అని అడిగితే పచ్చదీపం వెలిగిందండీ. నా మీద ఒట్టు."

"మీరడిగితే అన్నిటికీ వెలుగుతుంది లెండి," అని హైమ ఫోన్ పెట్టేసింది. చూశావా, ఆఖరికి నన్ను పిలవాలన్నా ఆవిడ నోటితోనే, అనుకుంది. మళ్ళీ చేసింది మంజీర. ఇంకోసారి చేసింది. తర్వాత హైమ ఆ నంబర్ చూస్తే ఎత్తడం మానేసింది. కొన్నాళ్ళకి అటువైపు నుంచీ ఫోన్లు ఆగిపోయాయి. ఆగిపోయినందుకు కూడా హైమ ఉడుక్కుంది. ఇక నా అవసరం లేదన్నమాట!

వానలు వెళ్ళి చలి వచ్చింది. సదాశివ గొంతిచ్చే సీరియల్లో హీరోకి ఇంకెవరిదో గొంతు పెట్టారు. హీరోయిన్‌కి మాత్రం మంజీర గొంతే. ఆ కొత్త గొంతుతో కూడా ఆవిడ అంతే ప్రేమగా మాట్లాడుతోంది. హైమ ఆ ఎపిసోడ్ కాసేపు చూసింది. అయితే ఆ ప్రేమంతా ఉత్త పనేనా అన్న అనుమానం ఒక్క క్షణం తొంగిచూసింది. వెంటనే టీవీ కట్టేసి పడుకుంది.

అసలు సంగతి బయటపడింది పప్పుచారు దగ్గర.

నరహరిది సిద్దిపేట దగ్గర పల్లె. కొత్త బ్యాచ్‌కి పలుకుపట్టీ ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఆ రోజు తనే కట్టుకుని కూచున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి ప్రశ్న అడుగుతున్నారు. అతను మనసులో జవాబు అనుకుంటున్నాడు. దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయి. హైమ ఏదో కాగితం కోసం ఆ గదిలోకి వచ్చింది. అదే సమయానికి నరహరి భార్య స్వరూప క్యారేజీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"రా, నువ్వు గూడ ఒకటి అడుగు," అన్నాడు నరహరి.

స్వరూప సిగ్గుపడుతూ, "పప్పుచారు తెచ్చిన, వేడివేడిగ ఇప్పుడే తింటవా?" అంది.

ఎర్రదీపం వెలిగింది. కొత్త బ్యాచ్ పిల్లలంతా గొల్లున నవ్వారు.

"ఓ, నా వంట వద్దా నీకు?" అని స్వరూప మూతి ముడిచింది.

"ఏందిది!" నరహరి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "నేను అవుననే అనుకున్న! నీ నోట్ల పప్పు అని రాంగనే అనుకున్న!"

"నేను అడుగుడే కాలేదు, అప్పుడే ఎట్ల అంటవ్?"

"నువ్వేం అడుగుతవో నాకు ఎర్కలేదా? ఇన్నేండ్ల సంసారం!"

పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. హైమ చేతిలో కాగితం జారి కింద పడింది.

ప్రశ్న ముగియకముందే అల లేస్తే ఆలస్యం సున్నా కంటే తక్కువకి పోతుంది. అలాంటి లెక్కకి అర్థం లేదని, దాన్ని సున్నా చేసెయ్యమని రాసింది తనే. తర్వాత దీపం దగ్గర, ఆలస్యం అంటూ ఒకటి ఉందా అని ఒక్క ఇఫ్‌తో అడిగిందీ తనే. సున్నా చేతికిస్తే జావాస్క్రిప్ట్ అబద్ధం అంటుంది. అసలు అల లేవకపోయినా అబద్ధమే అంటుంది. ఎంత మంది కొత్తవాళ్ళకి చెప్పిందీ పాఠం! మరి పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? పరీక్షల్లో అడిగినవాళ్ళంతా పరాయివాళ్ళు. పరాయివాళ్ళ ప్రశ్నకి ఎవరూ మధ్యలో జవాబు చెప్పరు, పూర్తిగా విని, ఆలోచించి చెప్తారు. అడక్కముందే అవునని చెప్పేంత చనువున్న మనిషి ఒకడుంటాడని, అలాంటి మనిషి ఆ మంచం మీదికే వస్తాడని ఆవిడకి తట్టలేదు.

"ఏవండీ, వచ్చేటప్పుడు..." అంటే "తెస్తాలే" అనేవాడు సదాశివ, ఏం తేవాలో చెప్పకముందే. "ఈ ఆదివారం మా పిన్ని..." అంటే "వెళ్దాం" అనేవాడు. నన్ను పూర్తిగా మాట్లాడనివ్వరా అని ఆవిడ ఎన్నిసార్లు కసురుకుందో లెక్కలేదు. ఆ రోజు మూడు ప్రశ్నలకీ ఆయన అలాగే చెప్పి ఉంటాడు. అవును, అవును, అవును. ప్రతిసారీ ఎర్రదీపం వెలిగిందని ఆయనకి తెలిసి ఉండదు. దీపం చప్పుడు చెయ్యదు. తన అడుగులు దూరమవడం మాత్రం విని ఉంటాడు.

దిద్దడానికి పట్టింది టీ చల్లారేంత సేపు కూడా కాదు. ఆలస్యం ఉందా అని అడగడం మానేసి, అల లేచిందా లేదా అని సూటిగా అడిగింది. సున్నా అయినా పచ్చదీపమే వెలిగేలా. నరహరికి మళ్ళీ పట్టీ కట్టి, స్వరూపతో మళ్ళీ అడిగించింది. పచ్చ. "ఇగో, ఇప్పుడు సక్కగున్నది," అన్నాడు నరహరి. హైమ అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆసుపత్రి గదిలో మంజీర ఉంది. మంచం పక్కన కూచుని సదాశివ గోళ్ళు తీస్తోంది. ఆ దృశ్యం చూడగానే హైమ గుండెలో పాత మంట ఒకటి భగ్గుమనబోయింది. సిగ్గు దాన్ని నొక్కేసింది.

"మంజీరా, ఆ రోజు ఆయన అవుననే అన్నారు. మూడుసార్లూ. తప్పు నాది, నేను రాసినదాంట్లో ఉంది. నేను అడుగుతుండగానే జవాబు చెప్పారు, దాన్ని యంత్రం కాదని లెక్కేసింది."

మంజీర గోళ్ళ కత్తెర పక్కన పెట్టింది. ఆవిడ మొహంలో సంతోషం కనిపిస్తుందని హైమ ఎదురుచూసింది. కనిపించలేదు.

"మా పనిలో ఎదుటివాళ్ళ మాట మీద మాట పడితే టేకు పాడై మళ్ళీ రికార్డు చెయ్యాల్సొస్తుందండీ," అంది మంజీర నెమ్మదిగా. "అందుకే నా మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆయనకి అలవాటు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా మాటకి అడ్డం రాలేదు మనిషి. ఆ ఆగడం చూసి మీరు ఏమేమో అనుకున్నారు." ఇక ఆపుకోలేక అనేసింది. "మీకు నా మీద కోపమని నాకు తెలుసు వదినగారూ. ఎప్పట్నుంచో తెలుసు. నన్ను నాలుగు మాటలు అనేస్తే పోయేది కదండీ. ఆయన మీద ఎందుకు తీర్చుకున్నారు? మిమ్మల్ని పిలవనా అంటే మొదట్లో టక్కున వెలిగేది. రాను రాను ఆలస్యం. ఇప్పుడు అడగడమే మానేశాను, వెలగకపోతే చూడలేక."

అసూయపడ్డాను అని చెప్పాలనుకున్న హైమ, అది చెప్పకుండానే మంచం దగ్గరికి వచ్చింది. మంజీర లేచి తన కుర్చీ ఇచ్చింది.

కబురందుకుని రజియా వచ్చింది. హైమ చెప్పిందంతా విని, తల పంకించి, కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. "ఒక సంగతి చెప్పాలి," అంది. "ఈమధ్య ఆయన అల బాగా మందగించింది. ఎవరూ నడవని దారి పూడుకుపోయినట్టే, మెదడూ అంతే. నువ్వు వస్తావని ఎదురుచూడడం మానేసి ఉంటారు. వెంటనే రాకపోయినా కంగారుపడకు."

హైమ సదాశివ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది. మొహం చిక్కిపోయింది. గడ్డం ఎవరో శ్రద్ధగా గీశారు.

"ఏవండీ," అంది. అలవాటుగా ఒక్క క్షణం ఆగింది. ఇదివరకైతే ఆ ఆగిన చోటనే ఆయన అందుకునేవాడు. "నేను వచ్చాను. ఇక మీ పక్కనే ఉంటాను. మీకు ఇష్టమేనా?"

ఏ దీపమూ వెలగలేదు. కారిడార్లో మందుల బండి చక్రాల చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది. మంజీర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రజియా తెర వైపు చూస్తోంది. హైమ, ఎర్రదీపం వెలిగితే ఏం చెయ్యాలో తెలియక, ఆయన మొహంలోకే చూస్తోంది.

చాలాసేపటికి పచ్చదీపం వెలిగింది.

"వెలిగింది! వదినగారూ, వెలిగిందండీ!" మంజీర ఏడుస్తూ నవ్వుతూ హైమని కావలించుకుంది. రజియా పెద్దగా నిట్టూర్చి, హైమ వీపు తట్టింది. అవునన్నాడు సదాశివ. ఇన్నాళ్ళూ హైమ దూరంగా ఉండిపోయినా, ఇప్పటికీ అవుననే అన్నాడు.

హైమ మాత్రం మంజీర భుజం మీదుగా తెర మీది అంకెని చూసింది. అది సున్నా కాదు, సున్నా దరిదాపుల్లో కూడా లేదు. పరీక్షల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు అడిగినప్పుడు కూడా ఎవరూ అంతసేపు ఆలోచించలేదు. అంత పెద్ద అంకెకి పాత ప్రోగ్రాం అయినా పచ్చదీపమే వెలిగించేది, ఆవిడ ఏమీ దిద్దక్కర్లేకపోయింది.